కాల్షియం కుర్చీలో సీసం కూర్చుంటే

డ్రిప్పు మీద మిరప వేసే రైతుని ఎవర్నయినా అడగండి, కాల్షియం నైట్రేటునీ 12-61-0నీ ఒకే డ్రమ్ములో కలుపుతావా అని. "కలిపితే పాలు విరిగినట్టు విరిగిపోద్ది, డ్రిప్పర్లన్నీ మూసుకుపోతయ్" అంటాడు. ఎందుకట్టా అవుద్దని అడిగితే మాత్రం "కలపగూడదంతే" అని ఊరుకుంటాడు. మందుల కొట్టాయన కూడా అంతవరకే చెప్తాడు.

ఆ డ్రమ్ము అడుగున పేరుకునే తెల్లటి మడ్డి గురించే ఈ నాలుగు మాటలు. ఆ మడ్డి కథ తెలుసుకుంటే చేలో వేసిన డీఏపీ ఏమయిందో తెలిసిద్ది. జింకు వేసినా ఆకు ఎందుకు పాలిపోతందో తెలిసిద్ది. బస్తాతో పాటు మనకి చెప్పకుండా వచ్చే కాడ్మియం సంగతి తెలిసిద్ది. చివరికి పసిపిల్లల ఎముకలో సీసం ఎట్టా దూరి కూర్చుంటదో కూడా తెలిసిద్ది. పైకి ఇవన్నీ వేరు వేరు గొడవల్లాగా కనపడతయ్. లోపల నడిచే లెక్క ఒకటే: ఒక పక్క లోహం, ఒక పక్క ఫాస్ఫేటు, మధ్యలో కాల్షియం.

ఉప్పు కొఠారు, పెరుగు తోడు

చినగంజాం ఉప్పు కొఠార్లు చూసినోళ్లకి స్ఫటికం అంటే ఏందో విడమరిచి చెప్పనక్కర్లేదు. సముద్రపు నీళ్లు మళ్లలోకి పెడతారు. ఎండకి నీళ్లు ఆవిరై పోతా ఉంటే ఉప్పు చిక్కబడిద్ది. ఇక మొయ్యలేనని నీళ్లు చేతులెత్తేసిన కాడ ఉప్పు పలుకులు కట్టి అడుక్కి దిగిద్ది. నీళ్లు మోయగలిగినదాని కంటే సరుకు ఎక్కువైనప్పుడే స్ఫటికం పుట్టుద్ది. ఇది మొదటి సూత్రం.

ఉప్పు బాగా కరిగే సరుకు. లీటరు నీళ్లు 350 గ్రాముల పైగానే మోస్తయ్. అందుకే అంత ఎండ, అన్ని రోజులు కావాలి. సీసం ఫాస్ఫేటు తీసుకోండి, లీటరు మంచినీళ్లు దాన్ని ఒక్క మిల్లీగ్రాము కూడా మొయ్యలేవు. కాబట్టి అక్కడ ఆవిరి పట్టే పనే లేదు. కరిగిన సీసం ఉన్న నీళ్లలో కరిగిన ఫాస్ఫేటు వచ్చి పడితే చాలు, రెండూ చేతులు పట్టుకుని అప్పటికప్పుడే గట్టిపడతయ్. డ్రమ్ములో కాల్షియానికీ ఫాస్ఫేటుకీ జరిగేది కూడా ఇదే.

రెండో సూత్రం మన ఇంట్లో రోజూ చూసేదే. పాలు తోడుకోవాలంటే ఒక చుక్క పెరుగు కావాలి. స్ఫటికానికీ అట్టాగే తోడు కావాలి. వట్టి నీళ్లలో మొట్టమొదటి పలుకు పుట్టటం కష్టం. అప్పటికే ఉన్న పలుకు మీదో, మట్టి రేణువు మీదో, పైపు గోడ మీదో పెరగటం తేలిక. ఒకసారి డ్రిప్పరు లోపల తెల్లపొర పట్టిందంటే మళ్లా మళ్లా అక్కడే పట్టిద్ది. ఆ పొరే తర్వాత దానికి తోడు.

మూడోది పులుపు. ఫాస్ఫేటుకి మూడు చేతులున్నయ్ అనుకోండి. కాల్షియం, జింకు, కాడ్మియం, సీసం, వీటన్నిటికీ రెండేసి చేతులు. రెండు ఫాస్ఫేట్లకి మూడు లోహాలయితే చేతులన్నీ సరిపోతయ్. నీళ్లు పుల్లగా, అంటే ఆమ్లంగా ఉంటే ఫాస్ఫేటు చేతుల్ని హైడ్రోజన్ ముందే పట్టేసుకుంటది. లోహానికి చెయ్యి దొరకదు, స్ఫటికం కట్టదు, కట్టింది కూడా కరగటం మొదలుపెట్టుద్ది. మూసుకుపోయిన డ్రిప్పుకి యాసిడ్ పట్టించి కడిగేది అందుకే. నీళ్లు క్షారం వైపుకి పోయేకొద్దీ చేతులు ఖాళీ అవుతయ్, స్ఫటికాలు గట్టిపడతయ్.

నల్లరేగడిలో మొదటి వరస కాల్షియానిదే

ఇప్పుడు మన నేలకి వద్దాం. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి దున్నితే చాలా చోట్ల తెల్లటి సున్నపు గులకలు తేలతయ్. అది కాల్షియం కార్బొనేటు. ఇట్టాంటి నేలల ఉదజని సూచిక మామూలుగా 8 చుట్టుపక్కల ఉంటది. అంటే పైన చెప్పిన రెండు షరతులూ మన చేలో పుట్టుకతోనే ఉన్నయ్: కాల్షియం కొల్లలు, నేల క్షారం.

అట్టాంటి నేలలో డీఏపీ పలుకు పడింది. పలుకు కరిగి ఫాస్ఫేటు బయటికొచ్చిద్ది. వేరు వచ్చి అందుకునే లోపలే పక్కనే ఉన్న కాల్షియం దాన్ని పట్టేసుద్ది. మొదట కట్టే స్ఫటికం కాస్త వదులుగా ఉంటది, మొక్క దాన్ని ఎంతో కొంత కరిగించుకోగలదు. నెలలు గడిచేకొద్దీ అదే సర్దుకుని, సర్దుకుని అపటైటు అనే గట్టి రూపానికి మళ్లిద్ది. మన పళ్లూ ఎముకలూ ఉన్నది కూడా ఆ జాతి సరుకుతోనే. వేసిన భాస్వరంలో మొదటి పంటకి అందేది అయిదో వంతుకి అటూ ఇటూ అని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెప్తానే ఉన్నారు. మిగతాది ఎక్కడికీ పోదు, నేలలోనే బీరువాలో పెట్టి తాళం వేసినట్టు ఉండిపోద్ది. ఏళ్ల మీద కొద్దికొద్దిగా వదులుద్ది.

బస్తా 1350 రూపాయలు. దాన్లో భాస్వరం ధర ఎక్కువ. కొట్టాయన "కాపు రావాలంటే ఇంకో రెండు బస్తాలు పడాల" అంటాడు. కౌలు కట్టి, వడ్డీకి తెచ్చి, నేల పరీక్ష లేకుండా ఆ రెండు బస్తాలు వేసినోడు కొనేది చాలామటుకు రాయి. ఆ బీరువాలో పాత సరుకు ఎంత ఉందో తెలియాలంటే మట్టి పరీక్ష ఒక్కటే దారి. భాస్వరం ఎక్కువ అని చీటీ వచ్చిన చేలో డీఏపీ తగ్గించుకోవచ్చు. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా మందుని పశువుల ఎరువులో కలిపి వెయ్యమనేది కూడా ఇందుకే. ఆ సూక్ష్మజీవులు వదిలే ఆమ్లాలు కాల్షియం పట్టుని కాస్త సడలిస్తయ్.

జింకు సంగతి

జింకు బరువు లోహాల వరసలోదే, కాకపోతే మొక్కకీ మనిషికీ కొద్దిగా కావాల్సిన లోహం. జింకు సల్ఫేటునీ డీఏపీనీ కలిపి చల్లొద్దు, ఒకే ట్యాంకులో పిచికారీ చెయ్యొద్దు అంటారు. కారణం మళ్లా ఆ మడ్డే. చిక్కటి ద్రావణంలో జింకూ ఫాస్ఫేటూ కలిస్తే జింకు ఫాస్ఫేటు స్ఫటికం కట్టి, ఆకు మీద పడాల్సింది ట్యాంకు అడుగున ఉండిపోద్ది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డ్రమ్ములో జరిగేదాన్నే చేలో కూడా జరుగుద్దని చాలామంది అనుకుంటారు. చేలో కథ వేరే. జింకు ఫాస్ఫేటు సీసం ఫాస్ఫేటంత మొండిది కాదు, మట్టిలో కొద్దికొద్దిగా కరిగి మొక్కకి జింకు ఇయ్యగలదు. మన నేలల్లో జింకుని ఎక్కువగా కట్టిపడేసేది క్షారగుణమూ సున్నమూ. దానికి తోడు భాస్వరం మరీ ఎక్కువైతే వేరుని అంటిపెట్టుకుని జింకు మోసుకొచ్చే శిలీంధ్రాలు తగ్గిపోతయ్. మొక్క లోపల కూడా జింకు పని సరిగ్గా సాగదు. అందుకనే భాస్వరం దంచిన చేలో జింకు లోపం ముందు కనపడిద్ది. రోగం ఎరువు ఎక్కువ కావటమైతే, దానికి మందు ఇంకో ఎరువు అమ్మటం మన మార్కెట్టు పద్ధతి.

సీసం: అన్నిటికంటే గట్టి పట్టు

సీసం దగ్గరికి వచ్చేసరికి ఇదే రసాయనం మనకి ఉపయోగపడిద్ది కూడా. అయిదు సీసాలు, మూడు ఫాస్ఫేట్లు, ఒక క్లోరైడు కలిసి కట్టే స్ఫటికం పేరు పైరోమార్ఫైటు. సీసం ఏర్పరిచే సరుకుల్లో నీళ్లకి లొంగనివాటిల్లో ఇది ముందుంటది. నిర్మాణం చూస్తే అపటైటుకి అన్నదమ్ముల వరస. ఇల్లు అదే, గదులు అవే. కాల్షియం కూర్చునే కుర్చీల్లో సీసం కూర్చుంటది, అంతే తేడా.

కాబట్టి సీసం కలిసిన మట్టిలో అపటైటు పొడి, అంటే ఎముకల పొడి కలిపారనుకోండి. అపటైటు నెమ్మదిగా కరిగి ఫాస్ఫేటుని వదులుద్ది. సీసం వెంటనే దాన్ని పట్టుకుని తన స్ఫటికం కడిద్ది. ఆ కట్టింది మళ్లా కరగదు కాబట్టి లెక్క ఒకే వైపుకి నడిచిద్ది. అమెరికాలోని ఓక్లాండ్‌లో, పాత రంగులూ కార్ల పొగా నింపిన సీసంతో పాడైన ఇళ్ల పెరళ్లలో, అక్కడి పర్యావరణ సంస్థ 2011 ప్రాంతంలో చేప ఎముకల పొడి కలిపింది ఈ లెక్కతోనే. మట్టి తవ్వి ఎత్తిపోయకుండా, సీసాన్ని ఉన్నచోటే రాయి చేశారు.

నీళ్ల పైపుల్లో కూడా ఇదే పద్ధతి వాడతారు. సీసపు పైపులున్న ఊళ్లల్లో నీళ్లలో కొద్దిగా ఫాస్ఫేటు కలిపితే పైపు లోపల సన్నటి సీసం ఫాస్ఫేటు పొర కట్టి సీసం నీళ్లలోకి దిగదు. అమెరికాలోనే ఫ్లింట్ అనే ఊళ్లో 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోటానికి నీళ్ల వనరు మార్చారు. కొత్త నీళ్లలో ఈ ఫాస్ఫేటు కలపలేదు. పైపుల్లోని పొర చెడింది, పిల్లల రక్తంలో సీసం పెరిగింది. ఆ ఊళ్లో ఎక్కువమంది నల్లజాతి పేదలు. జనం నెత్తీనోరూ కొట్టుకున్నా ఏడాదిన్నర దాకా పాత నీళ్లు మళ్లా రాలేదు.

మరి దీంట్లో కాల్షియం ఏం చేసిద్ది? రెండు రకాలుగా అడ్డం వచ్చిద్ది. నీళ్లలో కరిగిన కాల్షియం ఎక్కువగా ఉంటే అపటైటు కరగటం మందగించిద్ది, సీసానికి ఫాస్ఫేటు ఆలస్యంగా అందుద్ది. అందిన ఫాస్ఫేటు కోసం కూడా కాల్షియం పోటీకొచ్చిద్ది. సీసం పట్టు గట్టిదే గానీ కాల్షియం మంది ఎక్కువ. ఒక్కోసారి రెండూ రాజీపడి, కొన్ని కుర్చీల్లో సీసం, కొన్నిట్లో కాల్షియం కూర్చున్న మిశ్రమ స్ఫటికం కడతయ్. అది అసలు సిసలు సీసపు స్ఫటికమంత గట్టిగా ఉంటదని భరోసా లేదు. కాబట్టి ఓక్లాండ్‌లో పనిచేసిన మోతాదు మన సున్నపు నేలల్లో అట్టాగే పనిచేసిద్దని చెప్పలేం. మన మట్టిలో, మన నీళ్లతో పరీక్షించి చూడాల్సిందే. ఫాస్ఫేటు ఎక్కువేస్తే ఇంకో తంటా కూడా ఉంది. అది ఆర్సెనిక్‌ని మట్టి నుంచి నెట్టేసి నీళ్లలోకి వదిలిద్ది. చెరువుల్లోకి పోయిందంటే నాచూ గుర్రపుడెక్కా కమ్మేస్తయ్.

ఇదేదో పరాయి దేశపు ముచ్చట అనుకోబాకండి. సీసపు గని మన పాత గుంటూరు జిల్లాలోనే ఉంది. వినుకొండ పక్క, ఇప్పటి పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలో బండ్లమోటు. అగ్నిగుండాల ఖనిజ ప్రాంతం కింద హిందుస్థాన్ జింక్ అక్కడ సీసం తవ్వింది, తర్వాత గని మూతపడింది. అక్కడ సీసం ఉన్నది డోలమైటు రాతిలో, అంటే కాల్షియం, మెగ్నీషియం కలిసిన సున్నపు జాతి రాతిలో. అట్టాంటి రాయి ఆమ్లాన్ని మింగేసుద్ది కాబట్టి సీసం తొందరగా కరిగిపోదు, అది ఒక రక్షణ. కానీ ధూళిగా లేచిన సీసానికి ఆ రక్షణ వర్తించదు. గనులు మూసిన చోట, బ్యాటరీలు పగలగొట్టే చోట మట్టినీ బావినీ పిల్లల రక్తాన్నీ ఏళ్ల తరబడి పరీక్ష చేస్తా ఉండాలి, ఫలితాలు ఊరి పంచాయతీ గోడ మీద అతికించాలి.

కాడ్మియం: బస్తాలో దాక్కుని వచ్చే చుట్టం

ఎరువు తయారయ్యే ఫాస్ఫేటు రాయి కూడా అపటైటే. మన దేశానికి కావాల్సిన రాయిలో ఎక్కువ భాగం జోర్డాన్, మొరాకో, ఈజిప్టు లాంటి దేశాల నుంచి వచ్చిద్ది. ఎప్పుడో సముద్రం అడుగున ఆ రాయి కట్టేటప్పుడు కొన్ని కాల్షియం కుర్చీల్లో కాడ్మియం కూర్చుంది. రెండిటి సైజూ దాదాపు ఒకటే, స్ఫటికం తేడా కనిపెట్టలేదు. రాయిని ఆమ్లంలో కరిగించి ఎరువు చేసినప్పుడు ఆ కాడ్మియంలో కొంత ఎరువులోకి వచ్చిద్ది.

యూరప్ దేశాలు 2022 జులై నుంచి దీనికి హద్దు పెట్టినయ్: ఎరువులోని ప్రతి కిలో భాస్వరానికి కాడ్మియం 60 మిల్లీగ్రాములు దాటగూడదు. మన 50 కిలోల డీఏపీ బస్తాలో అదే లెక్కన భాస్వరం 23 కిలోలు. సరిగ్గా ఆ హద్దు కాడ ఉన్న సరుకే అనుకుంటే బస్తాకి 1.4 గ్రాముల కాడ్మియం. ఎకరానికి అయిదు బస్తాలు వేస్తే 7 గ్రాములు. ఎకరం పైమట్టి జానెడు లోతున 9 లక్షల కిలోలు అటూ ఇటూ తూగుద్ది, కాబట్టి కిలో మట్టికి మిల్లీగ్రాములో నూరో వంతు కూడా పడదు. ఏడాదికి చూస్తే చిన్నదే, ఎవర్నీ భయపెట్టటం నా ఉద్దేశం కాదు. కాకపోతే అది యూరియా లాగా గాల్లో కలిసిపోయే సరుకు కాదు. పంటతో పోయింది పోగా మిగిలింది అక్కడే. తాత వేసింది, తండ్రి వేసింది, కొడుకు వేసింది, అన్నీ ఒకే ఖాతాలో జమ.

సీసాన్ని రాయి చేసినట్టు ఫాస్ఫేటు కాడ్మియాన్ని చెయ్యలేదు, దాని పట్టు అంత గట్టిది కాదు. కాడ్మియాన్ని కట్టేసేది నేలలోని సున్నమూ క్షారగుణమూ. ఆ విషయంలో నల్లరేగడి రైతు కాస్త అదృష్టవంతుడు. సున్నం తక్కువున్న తేలిక నేలల్లో ఆ కాపలా అంత ఉండదు. కాడ్మియం మనిషిలోకి చేరితే మూత్రపిండాల్లో కూర్చుంటది, ఎముకల్లో కాల్షియాన్ని పోగొట్టుద్ది. జపాన్‌లో జింజూ నది కింద వరి తిన్న ఆడవాళ్లకి ఎముకలు విరిగి, నొప్పి నొప్పి అని ఏడ్చిన రోగానికి "ఇటాయ్ ఇటాయ్" అనే పేరు పడింది. గని వదిలిన కాడ్మియమే కారణమని ఆ ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

నేను చూసిన బస్తాల మీద నత్రజని ఎంతో, భాస్వరం ఎంతో ఉంది, కాడ్మియం ఎంతో లేదు. బిస్కెట్ ప్యాకెట్టు మీద ఉప్పు ఎంతో రాయించుకున్న దేశం, ఎరువు బస్తా మీద కాడ్మియం ఎంతో రాయించలేదా? ఎగుమతి మిర్చికి ల్యాబు రిపోర్టు అడిగే వ్యాపారం, ఆ మిర్చి పండించే రైతు కొనే సరుకుకి రిపోర్టు ఎందుకు అడగదు?

ఎముక కూడా ఒక చేనే

ఇక ఇంట్లోకి వద్దాం. మన ఎముక అపటైటు, అంటే కాల్షియం ఫాస్ఫేటు. సీసం ఒంట్లోకి వెళ్తే ఒంటికి దానికీ కాల్షియానికీ తేడా సరిగా తెలియదు. కాల్షియం పోయే దార్లోనే పేగు లోంచి రక్తంలోకి, రక్తంలోంచి ఎముకలోకి పోద్ది. పెద్దోళ్ల ఒంట్లో ఉన్న సీసంలో 90 శాతం పైగా ఉండేది ఎముకల్లోనే. అక్కడ పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఉంటది. ఆడమనిషి కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ కోసం ఎముక కాల్షియాన్ని వదులుద్ది, దాంతో పాటు ఎప్పుడో చిన్నప్పుడు దాచిన సీసం కూడా బిడ్డకి చేరుద్ది. ఒక తరం తిన్న విషం ఇంకో తరానికి ఆస్తిగా పోవటం అంటే ఇదే.

పిల్లలు మింగిన సీసంలో పెద్దోళ్లకంటే నాలుగయిదు రెట్లు ఎక్కువ ఒంటికి పట్టిద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తంది. తిండిలో కాల్షియం, ఇనుము తక్కువైతే ఇంకా ఎక్కువ పట్టిద్ది. కుర్చీలు ఖాళీగా ఉంటే వచ్చినోడల్లా కూర్చుంటాడు గదా. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక లెక్కన, రక్తంలో సీసం డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు దాటిన పిల్లలు మన దేశంలో 27 కోట్లకి పైనే. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛొచ్చి పడిపోయారు, 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనపడ్డయ్. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. ఆ రోగానికి మూలం ఏదైనా, పేదల రక్తంలో సీసం ఉందా అని మన దగ్గర వెతికింది జనం రోడ్డు మీద పడిపోయాకే.

మా బ్రాడీపేట లైన్లలో రక్తపరీక్షల బోర్డులకి కొదవ లేదు. షుగరు, థైరాయిడ్, విటమిన్ డి, అన్నీ కలిపి ప్యాకేజీలు కట్టి పిలుస్తారు. ఆ బోర్డుల మీద సీసం పరీక్ష నా కంట పడలేదు. అడిగేవాళ్లు లేరు కాబట్టి పెట్టేవాళ్లు లేరు. బ్యాటరీ కొట్లో పనిచేసే కుర్రాడి ఇంట్లో పసిపిల్ల ఉంటే ఆ పిల్లకి ఆ పరీక్ష సర్కారు ఆస్పత్రిలో ఉచితంగా దొరకాలి.

అడగాల్సినవి

రైతు చేతిలో ఉన్న పనులు కొన్ని. కాల్షియం ఎరువు ఒక రోజు, ఫాస్ఫేటు ఎరువు ఇంకో రోజు, లేదా రెండు వేరు వేరు డ్రమ్ములు. జింకుకి, డీఏపీకి మధ్యన ఎడం. మట్టి పరీక్ష చీటీ చూశాకే బస్తా.

ఇంట్లో చేయగలిగింది, పిల్లల కంచంలో కాల్షియం. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటది. ఇంకా పాలు, పెరుగు, ఆకుకూరలు, ముళ్లతో నమిలే చిన్న చేపలు. బళ్లో ఇచ్చే రాగిజావ, గుడ్డు ఖర్చు దండగ అని ఎవరన్నా అంటే వాళ్లకి ఈ కుర్చీల కథ చెప్పండి. కాల్షియం తిన్నంత మాత్రాన ఎముకలో దూరిన సీసం బయటికి రాదు, కొత్తగా దూరేది తగ్గిద్ది. సీసాన్ని పుట్టే చోటే ఆపాల్సింది ప్రభుత్వం. ఆ బాధ్యతని రాగిజావ గ్లాసు మీదకి నెట్టటానికి లేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. ఎరువు బస్తా మీద కాడ్మియం అంకె. లాం ఫారంలో ఉన్న మన వ్యవసాయ విశ్వవిద్యాలయం చేత గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం మిరప నేలల్లో సీసం, కాడ్మియం లెక్క తీయించి తెలుగులో బయటపెట్టటం. బ్యాటరీలు కరిగించే చోట్లలో, మూసిన గని చుట్టుపక్కల పిల్లలందరికీ రక్తపరీక్ష.

స్ఫటికానికి పేదా గొప్పా తెలియదు, ఎదురొచ్చిన లోహాన్ని కుర్చీలో కూర్చోబెట్టుద్ది, అంతే. ఆ లోహం ఎవరి చేలోకి, ఎవరి పిల్లల నోట్లోకి పోవాలో నిర్ణయించేది మాత్రం మనుషులే. వాళ్లని పేరు పెట్టి అడగటానికి కెమిస్ట్రీ డిగ్రీ అక్కర్లేదు. వచ్చే సీజన్‌లో బస్తా కొనేటప్పుడు "దీంట్లో కాడ్మియం ఎంత?" అని కొట్లో గట్టిగా అడగండి. కొట్టాయనకి తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే కంపెనీని ఆయనే అడుగుతాడు.